డెబ్బై నాలుగో సొరుగు

ఒలీటా కూమర్ బుద్ధెరిగిన దగ్గర్నుంచి తన పేరు తప్ప ఇంకేదీ రాసి ఎరగదు. అయిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసి పొయ్యి దగ్గరికి వచ్చింది. అక్కణ్ణుంచి మళ్లీ కదల్లేదు. చదవమంటే వేలు పెట్టుకుని నెమ్మదిగా చదువుతుంది గానీ, రాయమంటే చెమటలు పడతాయి. సరుకుల చీటీ కూడా మొగుడు హోబర్ట్ చేతే రాయించేది. అలాంటి మనిషి యాభై మూడో ఏట ఒక తెల్లకాగితం ముందు కూర్చోవాల్సి వచ్చింది.

టాల్బర్ట్ కౌంటీ బడి వంటగదిలో ఆమెది పంతొమ్మిదేళ్ల కొలువు. తెల్లారకముందే లేచి, హోబర్ట్‌కి కాఫీ పెట్టి, ఆక్సిజన్ గొట్టం సరిగ్గా ఉందో లేదో చూసి, కొండ దిగి బడికి వస్తుంది. చిక్కుడు గింజలు ఉడకేస్తుంది. మొక్కజొన్న రొట్టె కాలుస్తుంది. గురువారాలు బన్నులు. ఒలీటా బన్నుల కోసం జ్వరమొచ్చిన పిల్లలు కూడా గురువారం బడికి వచ్చేవాళ్లు. వడ్డించే కిటికీలోంచి ఆమె చేతులు మాత్రమే కనిపించేవి. ముఖం చూపించాలంటే సిగ్గు. పెద్దవాళ్లయ్యాక పిల్లలు ఆమెని చేతులతోనే గుర్తుపట్టేవాళ్లు.

ఆ కౌంటీలో పిండి పొంగించుకోవడానికి ఆడవాళ్లందరూ కోర్టుకి వెళ్తారు. కోర్టు భవనం కింద నేలమాళిగలో పాత కేసుల కాగితాలుంటాయి, ఏడాదికి ఒకటి చొప్పున నడుమెత్తు ఇనప సొరుగుల్లో. కొన్ని సొరుగులు చల్లగా ఉంటాయి, కొన్ని వెచ్చగా ఉంటాయి. అరవై ఎనిమిది గోరువెచ్చన. ఎనభై ఒకటి చలికాలం చేతులు కాచుకోవడానికి బాగుంటుంది. డెబ్బై నాలుగు మాత్రం కోడి అప్పుడే లేచి వెళ్లిన గూడులా ఉంటుంది. సొరుగు లాగి, కాగితాల మీద ట్రే పెట్టి, గుడ్డ కప్పితే గంటలో పిండి రెట్టింపవుతుంది. ఎందుకు వెచ్చగా ఉందని ఎవరూ అడగలేదు. ఎవరి వంతు ముందన్నదే తగువు. ట్రేలు కలిసిపోకుండా ఒక్కొక్కరు కాగితపు టేపు ముక్క మీద పేరు రాసి అంటించేవాళ్లు. రికార్డుల గుమాస్తా నెడ్రా స్టిడమ్ మెట్ల దగ్గర నిలబడి, "కేసులు చూసుకునే వాళ్లకి దారివ్వండమ్మా, పిండి తర్వాత!" అని అరుస్తుండేది.

ఒకసారి రాజధాని నుంచి లారీ వచ్చింది, అన్ని కౌంటీల పాత కాగితాలూ ఒకచోట చేరుస్తామని. పండగ ముందు రోజులు. మెట్ల పొడుగునా ట్రేలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డారు, ఒక్కరూ జరగలేదు. లారీ మనిషి అరగంట చూశాడు. నాలుగు బన్నులు తిన్నాడు. 'ఈ కౌంటీలో పట్టుకెళ్లదగ్గ కాగితాలు లేవు' అని తన పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. అలా చుట్టుపక్కల ఏడు కౌంటీల కాగితాలూ పోయాయి. టాల్బర్ట్‌వి మిగిలాయి.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఒలీటా ఒక్కతే ఆ నేలమాళిగ మెట్లు దిగేది కాదు. వంటగదిలో వేడినీళ్ల ట్యాంకు మీద పిండి పెట్టుకునేది. అక్కడ రెండున్నర గంటలు పట్టేది. ఆవిడకి సిగ్గెక్కువలే అనుకునేవాళ్లు అందరూ. సిగ్గు ఎక్కువే. కానీ కారణం అది కాదు.

నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగకి పది రోజులుందనగా, సోమవారం మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ రెనీ ఫ్యూగేట్ ఆమెని గదికి పిలిచింది. రెనీకి ముప్పై మూడేళ్లు. ఈ ఊరి పిల్లే, ఒలీటా బన్నులు తిని పెరిగిన పిల్లే.

"కూర్చోండి ఒలీటా గారూ."

ఒలీటా కూర్చోలేదు. ఏప్రాన్ నిండా పిండి, కుర్చీకి అంటుతుందని.

"పిల్లల మధ్య పనిచేసే వాళ్లందరి పాత కేసులూ చూడాలని కొత్త నియమం వచ్చింది కదా. అందరి పేర్లూ రాజధానికి పంపాను. బస్సు డ్రైవర్లవి, టీచర్లవి, నాది కూడా. అన్నీ శుభ్రంగా వచ్చాయి." రెనీ ఆగింది. ఒక కాగితం తిప్పి బల్ల మీద పెట్టింది. "మీదే ఇలా వచ్చింది."

కూమర్, ఒలీటా. కొట్టిన నేరం. ఆ కిందే మళ్లీ కూమర్, ఒలీటా. కొట్టిన నేరం. ఒకే తేదీ, పదకొండు వరసలు. పన్నెండో వరస కోర్టు ధిక్కారం, తొమ్మిది రోజుల జైలు. ఫలితం అన్న గడి పై నుంచి కింద దాకా ఖాళీ.

"పదకొండు మందిని కొట్టారా మీరు?" అంది రెనీ, నమ్మలేనట్టు.

"ఒక్కణ్ణే మేడమ్," అంది ఒలీటా.

రెనీకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "చూడండి, ఈ గడి ఖాళీగా ఉంటే బోర్డు వాళ్లు నేరం రుజువైనట్టే తీసుకుంటారు. గురువారం సాయంత్రం బోర్డు కూర్చుంటుంది. ఆ లోపల కేసు ఏమైందో కోర్టు ముద్ర ఉన్న నకలు కావాలి. ఏం జరిగిందో మీ చేత్తో మీరు రాసింది కావాలి. అవి చూసినా వాళ్లు ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. లేదంటే కోర్టులో అడిగి మొత్తం చెరిపించుకు రండి. చెరిపేస్తే ఇక ప్రశ్నే ఉండదు."

"ఏదీ తేకపోతే?"

రెనీ కిటికీ వైపు చూసింది. "వచ్చే సోమవారం నుంచి మీరు వంటగదిలోకి రాకూడదు."

ఆ సాయంత్రం వసారాలో హోబర్ట్ ఆమె రావడం దూరం నుంచే చూశాడు. గనిలో ఇరవై ఆరేళ్లు చేసినవాడు, ఇప్పుడు ఊపిరి గొట్టంలోంచి అరువు తెచ్చుకుంటున్నాడు. అయినా నోరు మాత్రం గని నుంచి క్షేమంగా బయటికొచ్చింది.

"ఏమే, ముఖం మాడిన రొట్టెలా పెట్టావ్?"

చెప్పింది.

"పదకొండు మందినా!" అన్నాడు హోబర్ట్. దగ్గు ఆగాక మళ్లీ అన్నాడు. "ముందే తెలిస్తే నీ చిక్కుడు గింజలకి ఇన్నేళ్లు వంక పెట్టేవాణ్ణి కాదు కదే."

"నవ్వకయ్యా. పని పోతుంది."

"వెళ్లి చూడవే మరి. ఆ కాగితాల్లో ఏముందో నువ్వెప్పుడూ చూడలేదు. ఎవరు చెప్పబోయినా లేచి వెళ్లిపోతావ్. నేను చెప్పబోతే గిన్నెలు చప్పుడు చేస్తావ్."

నిజమే. ఇరవై తొమ్మిదేళ్లుగా గిన్నెలు చప్పుడు చేస్తూనే ఉంది.

డెబ్బై నాలుగులో బొగ్గు గని సమ్మె. గేటు దగ్గర ముగ్గురు మగవాళ్లకి మించి నిలబడకూడదని జడ్జి ఉత్తర్వు వేశాడు. ఆడవాళ్ల సంగతి ఉత్తర్వులో లేదు. కాబట్టి ఆడవాళ్లు నిలబడ్డారు. వాగు ఒడ్డున పదకొండు మంది చేతులు పట్టుకుని ఒట్టేసుకున్నారు, పట్టుకుంటే చచ్చినా పేరు చెప్పకూడదని. సమ్మె చెడగొట్టే వాళ్లని ఎక్కించుకుని లారీ వచ్చినప్పుడు అందరి చేతుల్లోనూ పచ్చి బరికెలున్నాయి. ఒలీటా వంట మధ్యలో పరిగెత్తుకొచ్చింది, ఆమె చేతిలో అప్పడాల కర్ర ఉంది. తర్వాత షెరీఫ్ మనిషి వచ్చి అందర్నీ వరసలో నిలబెట్టాడు. వాడి ఖర్మకొద్దీ ఒలీటాతో మొదలుపెట్టాడు.

"పేరు?"

సిగ్గరికి అబద్ధం నోట్లోంచి రాదు. "ఒలీటా కూమర్" అనేసింది.

వాడు రెండో ఆమె దగ్గరికి వెళ్లాడు. "పేరు?" "నాదీ అదే. ఒలీటా కూమర్." మూడో ఆమె, "రాసుకో, ఒలీటా కూమర్." నాలుగో ఆమె వాడి సొంత మేనత్త.

"అత్తా, నువ్వు కూడానా?"

"అత్తెవర్రా నీకు? ఒలీటా కూమర్ అని రాయి."

వాడు రాశాడు. ఏం చెబితే అది రాయడం వాడి పని. పదకొండు మంది ఒలీటాలు. ఆ సాయంత్రం పది మందిని వదిలేసి అసలు ఒలీటాని ఉంచేశారు. మిగతా వాళ్ల పేర్లు చెప్పమన్నాడు జడ్జి. చెప్పలేదు. తొమ్మిది రోజులు లోపలుంది. పదో రోజు ఎందుకు వదిలారో ఆమెకి తెలీదు. తలొంచుకుని బయటికొచ్చింది. వదిలారన్న సంతోషం లేదు. ఒట్టు తప్పింది తను. అందుకే వాళ్లు తన పేరు పట్టుకుని ఎగతాళి ఆడారు. అప్పట్నుంచి ఆ ఆడవాళ్లు ఎదురైతే రోడ్డు దాటేది. ఆ సొరుగు వైపు వెళ్లింది లేదు.

బుధవారం మధ్యాహ్నం వంట ముగిశాక కోర్టు మెట్లు దిగింది.

నెడ్రా కళ్లజోడు పైకి తోసింది. ఆమెకి అరవై ఆరేళ్లు. ఈ నేలమాళిగలో నలభై ఏళ్ల నుంచి ఉంది. "ఇన్నాళ్లకి దారి తెలిసిందా పిల్లా? ట్రే ఏదీ?"

"పిండి కోసం కాదు నెడ్రక్కా. నా కేసు చూడాలి."

సొరుగుల దగ్గర వంతు కోసం నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లు మాటలాపారు.

"పూర్తి పేరు?" అంది నెడ్రా.

"నీకు తెలుసుగా..."

"తెలిసినా అడగాలి. గవర్నరొచ్చినా ఇదే పద్ధతి. పేరు, పుట్టిన తేదీ, ఏ ఏడాది. చెప్పు." ఒలీటా చెప్పింది. నెడ్రా బల్ల కింద నుంచి దిమ్మంత పుస్తకం తీసి పెట్టింది. "మన కంప్యూటర్‌కి ఎనభై ఎనిమిది నుంచే తెలుసు. అంతకు ముందు కావాలంటే ఇదే. ఇంటిపేరు మొదటి అక్షరం చూడు. పేరు దొరికితే పక్కన నంబరు ఉంటుంది. ఆ నంబరు నాకు చెబితే కట్ట తీస్తాను. కట్ట చూశాక ఏ కాగితం కావాలో చెబితే నకలు తీసి ముద్ర కొడతాను. రాజధాని నుంచొచ్చిన కాగితం చూసి ఏడుస్తూ ఇక్కడికి చాలామంది వస్తారు పిల్లా. అది నీడ. కేసు ఎక్కడ నడిచిందో అక్కడికే రావాలి మనిషి కనపడాలంటే."

ఒలీటా వేలు పేజీ మీద కిందికి జారింది. తన పేరు దొరికింది. దాని కిందా తన పేరే. పదకొండుసార్లూ దాటి నంబరు చదివి చెప్పింది.

నెడ్రా డెబ్బై నాలుగో సొరుగు లాగింది. పొంగుతున్న మూడు ట్రేలు పక్కన బెట్టి, కాగితాల్లో చెయ్యి పెట్టి, ఒక కట్ట పైకి తీసి ఒలీటా చేతుల్లో పెట్టింది. అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నులా ఉంది. ఒలీటా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

మొదటి కాగితం ముందు వైపు పదకొండు పేర్లు, పదకొండు నేరాలు, వాటి కింద కోర్టు ధిక్కారం. "దీన్ని రాజధానికి పంపడానికి ఎవరో పిల్ల టైపు చేసింది," అంది నెడ్రా. "ముందు వైపే చేసింది. తిప్పు."

వెనక వైపు, కాగితం పొదుపు చేసే రోజులు కాబట్టి, సన్నటి రాత. రోజుకో నాలుగు ముక్కలు. ఒలీటా వేలు పెట్టుకుని చదివింది.

'మంగళవారం. ఒక స్త్రీ వచ్చి తన పేరు ఒలీటా కూమర్ అని, జైలుకి రావలసింది తనేనని, లోపలున్నామెని ఇంటికి పంపమని అడిగింది. వెనక్కి పంపాను.

బుధవారం. ఇంకొక స్త్రీ. అదే పేరు, అదే మాట. దుప్పటి కూడా తెచ్చుకుంది. పంపాను.'

గురువారం ఇంకొకామె. శుక్రవారం ఇంకొకామె. రోజుకొకరు.

'ఆరో రోజు. ఒక స్త్రీ, చంకలో ఎర్ర బూట్ల పాప. తన పేరు ఒలీటా కూమర్ అంది. పాపని అడగ్గా తన పేరూ ఒలీటా కూమరే అని చెప్పింది. పాపకి పిప్పరమెంటు ఇచ్చి ఇద్దర్నీ పంపాను.'

ఆ ముక్క ఒలీటా రెండుసార్లు చదివింది. తొమ్మిదో రోజు కింద వేరే దస్తూరీ, జడ్జిది. 'ఈ కౌంటీలో ఒలీటా కూమర్లు నా జైలు పట్టనంత మంది ఉన్నారు. ఇందులో అసలు ఎవరో తేల్చడం నా వల్ల కాదు. అన్ని నేరాలూ కొట్టివేయడమైనది. రేపు ఉదయం లోపలున్నామెకి భోజనం పెట్టి ఇంటికి పంపండి.'

ఒలీటా కట్ట బల్ల మీద పెట్టలేదు. గుండెకి ఆనించి పట్టుకుంది.

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పనిచ్చావా? ఆ రోజువారీ రాతలు రాసింది నేనే. రోడ్డు మీద కనపడితే చెబుదామని చూస్తే కుందేలులా మాయమయ్యేదానివి."

"నన్ను ఎగతాళి చేశారనుకున్నా అక్కా."

"ఎగతాళా?" నెడ్రా ముక్కు చీదింది. "నీకే తమ మీద కోపమనుకున్నారు వాళ్లు. పది మందిలో ఏడుగురున్నారు ఇప్పుడు. నువ్వు వస్తావేమోనని, ఇక్కడికొచ్చినప్పుడల్లా ట్రే పక్కన చోటు ఉంచుతారు తెలుసా?"

నెడ్రా గొంతు తగ్గించింది. "ఇప్పుడు పని మాట. చెరిపించుకోవాలంటే జడ్జి గారు పైనే ఉన్నారు, పది నిమిషాల్లో సంతకం పెట్టిస్తా. బోర్డు నోరు మూతపడుతుంది. అయితే చెరపడమంటే ఈ కట్ట కొలిమిలో వేస్తారు. జరగనట్టే."

"సొరుగు?"

"చల్లబడుతుంది. పడనీ. నీ పని కంటే పిండి ఎక్కువా? ఆడవాళ్లు కొట్లో బన్నులు కొనుక్కుంటారు."

"కొట్లో బన్నులా! దూది తిన్నట్టుంటాయి," అంది వెనక నిలబడ్డ ఒకామె. వెంటనే నాలుక్కరుచుకుంది. "అయినా ఫరవాలేదు ఒలీటా. చెరిపించుకో. నీ పని ముఖ్యం."

ఒలీటా కట్ట వైపు చూసింది. చేతులకి వెచ్చగా తగులుతూనే ఉంది. తొమ్మిది రోజులు లోపల ఆమె గోడ చూస్తూ కూర్చుంది. అదే సమయంలో గోడకి ఇవతల ఒక్కొక్కరే వచ్చి ఆమె పేరు తమ మీద వేసుకున్నారు. ఇది కాల్చేస్తే అదీ పోతుంది.

"చెరపొద్దు," అంది. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "రెండు వైపులా నకలు తీసి ముద్ర కొట్టక్కా. ఇంకో తెల్లకాగితం ఇయ్యి."

ఆ నేలమాళిగ బల్ల దగ్గరే కూర్చుని రాసింది. ఆమె రాస్తుండగా మూడు ట్రేలు పొంగి వెళ్లిపోయాయి, ఇంకో మూడు వచ్చాయి. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఒక మాటకి అక్షరాలు అడిగితే ముగ్గురు ఒకేసారి చెప్పబోయారు. నెడ్రా వాళ్లని కసిరింది.

గురువారం మధ్యాహ్నం రెనీ ఫ్యూగేట్ ఆ కాగితం చదివింది.

'రెనీ మేడమ్‌కి. నా పేరు ఒలీటా కూమర్. సమ్మెలో లారీ మీదికి అప్పడాల కర్రతో వెళ్లింది నేనే. అద్దం పగిలింది. డ్రైవర్‌కి భుజం మీద దెబ్బ తగిలింది. ఒకటే దెబ్బ. ఒక్కడే మనిషి. మిగతా వాళ్ల పేర్లు జడ్జి అడిగితే చెప్పలేదు. మీరు అడిగినా చెప్పను. నేను పిల్లల మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. వాళ్లకి అన్నం పెడతాను. చెరిపించుకోమన్నారు, నాకు ఇష్టం లేదు. ఇది నాదే.'

తర్వాత కోర్టు నకలు తిప్పింది. మంగళవారం చదివింది, బుధవారం చదివింది. మధ్యలో ఒకసారి నవ్వింది. ఆరో రోజు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"ఒలీటా గారూ," అంది. "నాకు చిన్నప్పుడు ఎర్ర బూట్లుండేవి. మా అమ్మ ఇప్పటికీ దాచింది. పెద్ద రాతి భవనంలో ఎవరో పిప్పరమెంటు ఇచ్చినట్టు నాకు లీలగా గుర్తు. అమ్మని అడిగితే ఎప్పుడూ మాట దాటేస్తుంది." తలెత్తింది. "ఈవిడ ఎవరు?"

"నాకెలా తెలుస్తుంది మేడమ్? నేను లోపలున్నాను."

రెనీ ఆమెని చూస్తూనే ఉంది. ఒలీటా మొదటిసారి ఆ చూపుకి తల దించుకోలేదు.

"మీరు కూర్చోండి," అంది రెనీ.

"ఏప్రాన్‌కి పిండి..."

"అంటనివ్వండి." రెనీ తన కుర్చీ లోంచి లేచి నిలబడింది. "ఇది బోర్డుకి పంపడం కాదు. నేనే తీసుకెళ్తాను. రెండు వైపులా చదివి వినిపిస్తాను."

రాత్రి భోజనం దగ్గర ఫోన్ మోగింది. హోబర్ట్ గొట్టం సర్దుకుంటూ ఎత్తాడు, విన్నాడు, ఒలీటాకి ఇచ్చాడు.

"ఒలీటా గారూ," అంది రెనీ గొంతు, వెనకాల ఎవరో ముసలామె ఏదో గట్టిగా చెబుతోంది. "అమ్మా, ఉండవే, చెబుతున్నా! ఒలీటా గారూ, బోర్డు ఒప్పుకుంది. రేపు పిల్లల పండగ భోజనం కదా. నాలుగు వందల బన్నులు కావాలి. అవుతాయా?"

"అవుతాయి," అంది ఒలీటా. పెట్టేశాక హోబర్ట్‌తో అంది, "ట్యాంకు మీదయితే అవ్వవు."

"అయితే ఎక్కడికి పోవాలో నీకు తెలుసు," అన్నాడు హోబర్ట్, మూకుడులో మిగిలిన చిక్కుడు గింజలు తన కంచంలోకి వంచుకుంటూ. వంక పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే, కోర్టు తలుపు తీసే వేళకి, ఒలీటా నాలుగు ట్రేలతో మెట్లు దిగింది. అప్పటికే కింద వంతు కోసం నిలబడ్డవాళ్లలో రెనీ తల్లి ఇమొజీన్ ఉంది. ఆమె ఒలీటాని చూసింది. తన ట్రే పక్కకి జరిపింది. డెబ్బై నాలుగో సొరుగు వెచ్చగానే ఉంది.

"పేరు రాసి అంటించు, కలిసిపోతాయి," అంది నెడ్రా, ఎవరికైనా చెప్పినట్టే.

ఒలీటా టేపు ముక్క తుంచింది. అందరూ చూస్తున్నారని తెలిసి కూడా పెన్ను తీసి పెద్ద అక్షరాలతో తన పేరు రాసింది. ట్రే అంచుకి అంటించింది. పిండి పొంగుతూ గుడ్డని పైకెత్తుతుంటే ఆ టేపు కొస కాస్త లేచింది. ఒలీటా దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కింది.